దూరదేశపు జీతం – సొంతవూరి అప్పు

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరంగా, ముత్తియాల్‌పేటను ఆనుకొని, బంగాళాఖాతపు ఒడ్డున సోలై నగర్ అనే నివాస ప్రాంతం ఉన్నది. తమిళంలో ‘సోలై’ అనగా తోపు. పేరులో తోపు ఉన్నా అక్కడి మత్స్యకార కుటుంబాలకు బ్రతుకుతెరువు సముద్రమే. 1980వ దశకం చివరి సంవత్సరాలలో పట్టణానికి దక్షిణాన నౌకాశ్రయం కొరకు రాతికట్టలు నిర్మించిన తరువాత, దక్షిణం నుండి ఉత్తరానికి తీరం వెంట కదలివచ్చే ఇసుక అక్కడే నిలిచిపోయింది. ఫలితంగా ఉత్తర తీరం ఏటేటా కోతకు గురి అయింది. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీ ఈ తీరాన్ని మరింత దెబ్బతీసింది. పడవను లాగి నిలుపుకొనే ఇసుక, వలను ఆరవేసుకొనే చోటు తగ్గిపోతున్న తీరంలో పెరిగిన యువకునికి ‘పై దేశం’ అనే మాట ఎంత ఆశగా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఈ ఆశ సముద్రతీరానికే పరిమితమైనది కాదు. బోరుబావి ఎండిపోయిన జగిత్యాల పల్లెలోను, వర్షాధారపు సేద్యం కలసిరాని రాయచోటి ప్రాంతంలోను, కొబ్బరి ధర పడిపోయిన కోనసీమ గ్రామంలోను ఇదే మాట వినిపిస్తుంది. పొలం మీద అప్పు ఉన్నది. ఇంట్లో పనిచేయగల మనిషి ఉన్నాడు. అతడు దుబాయికో కువైట్‌కో వెళ్తే రెండు మూడు ఏండ్లలో అన్నీ తీరిపోతాయని కుటుంబం లెక్క వేసికొంటుంది. కొందరి విషయంలో ఆ లెక్క ఫలించిన మాట నిజమే. మరికొందరి విషయంలో పాత అప్పు తీరకపోగా కొత్త అప్పు దానిపై చేరిన మాటా నిజమే.

ఒకే ఊరి నుండి, ఒకే పనికి, ఒకే జీతానికి వెళ్లిన ఇద్దరిలో ఒకరు ఇల్లు కట్టుకోవటం, మరొకరు పొలం అమ్ముకోవటం ఎందుకు జరుగుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం విదేశంలో దొరికే జీతంలో కంటె, బయలుదేరక ముందు చేసిన అప్పులోను, చేతిలో ఉంచుకొన్న ఒప్పందపు కాగితంలోను ఎక్కువగా ఉన్నది. ఇది నేటి మాట మాత్రమే కాదు. సోలై నగర్ ఒడ్డు ముందున్న సముద్రం మీదుగా సాగిన వలసల చరిత్ర కూడా ఇదే చెబుతున్నది.

ఒకే సముద్రం – మూడు విధాల ప్రయాణం

ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి, కారైకాల్, యానాం రేవుల నుండి వేలాదిమంది కూలీలు సముద్రాంతర దీవులకు వెళ్లారు. వీటిలో యానాం గోదావరి తీరాన, కాకినాడకు సమీపంలో ఉన్న తెలుగు ప్రాంతం. నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. 1828లో యానాం నుండి 15 మంది తెలుగు కూలీలు, నాడు బూర్బన్ అని పిలువబడిన రీయూనియన్ దీవిలోని చెరకు తోటలలో పనికి వెళ్లారు. ఆ దీవికి వెళ్లిన తొలి భారతీయ ఒప్పంద కూలీల బృందాలలో ఇది మొదటిదిగా చెబుతారు. తరువాత వెళ్లినవారిలో జీతాల గురించి, నడవడి గురించి ఫిర్యాదులు పెరిగి, చాలామంది కొద్ది ఏండ్లలోనే తిరిగివచ్చారు.

1848లో ఫ్రెంచి వలస రాజ్యాలలో బానిసత్వం రద్దు అయింది. తోటలకు మనుషులు కావలసి వచ్చారు. 1861లో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వాల మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. కూలీ ఒప్పందం ఐదేండ్లకు మించరాదని, వారానికి ఆరు రోజులు, రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించి పని చేయించరాదని, గడువు ముగిసిన తరువాత తిరుగు ప్రయాణం ఉచితంగా కల్పించాలని అందులో వ్రాసికొన్నారు. కాగితం మీద ఇవి మంచి షరతులే. కాని ఒప్పందం చదువలేని కూలీకి, దానిని అమలుచేయించే న్యాయస్థానం ఎక్కడున్నదో తెలియని కూలీకి ఆ షరతులు అక్కరకు రాలేదు. దుర్వినియోగాల కారణంగా 1882లో బ్రిటిషు ప్రభుత్వం రీయూనియన్‌కు కూలీల వలసను నిలిపివేసింది. ఈ ఏర్పాటులో ప్రయాణపు ఖర్చు తోట యజమాని పెట్టాడు. దానికి బదులుగా కూలీ ఐదేండ్ల స్వేచ్ఛను తాకట్టు పెట్టాడు.

అదే పుదుచ్చేరి నుండి మరొక విధమైన వలస కూడా సాగింది. 1881 సెప్టెంబరు 21వ తేదీనాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం స్థానికులు తమ కులమతాచారాల చట్టాన్ని వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని అంగీకరించే వీలు కలిగింది. ఆ విధంగా అంగీకరించిన కుటుంబాల నుండి అనేకులు నాటి ఇండోచైనాకు, ముఖ్యంగా సైగాన్ నగరానికి, సైనికులుగా, కస్టమ్స్ ఉద్యోగులుగా, పోలీసులుగా వెళ్లారు. పదవీ విరమణ చేసి పుదుచ్చేరికి తిరిగివచ్చిన ఫ్రెంచి సైనికులను స్థానికులు ‘సొల్దా’లని పిలుస్తారు. 1962లో పుదుచ్చేరి చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైన తరువాత కూడా, ఫ్రెంచి జాతీయతను ఎంచుకొన్న కుటుంబాలకు ఆ పెన్షన్లు అందుతూనే వచ్చాయి. సైనికుడు మరణించిన తరువాత భార్యకు కూడా పెన్షను దక్కింది.

తెలుగువారు ఎక్కువగా ఎరిగిన వలస మూడవది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి రంగూన్‌కు సాగిన వలస అది. రంగూన్ ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు; గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు నుండి వచ్చిన మాట ఇది. వారిని తీసికొనివెళ్లినది మేస్త్రీలు. ఓడ ఛార్జీ, ఇంటి ఖర్చుకు అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చేవాడు. జీతం కూడా మేస్త్రీ చేతుల మీదుగానే వచ్చేది. పని చేసేది కూలీ, లెక్క వ్రాసేది మేస్త్రీ. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా అల్లర్లు చెలరేగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేసిన తరువాత వేలాదిమంది కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. 1964లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దుచేసినప్పుడు మిగిలినవారిలో పెక్కుమంది వట్టి చేతులతో వచ్చారు. బర్మా, శ్రీలంకల నుండి తిరిగివచ్చిన ఇట్టి కుటుంబాల పునరావాసం కొరకు 1969లో కేంద్ర ప్రభుత్వం రెప్కో బ్యాంకును స్థాపించవలసి వచ్చింది.

ఈ మూడు వలసలలో ధైర్యానికి గాని, కష్టపడే గుణానికి గాని కొరత లేదు. తేడా అంతా రెండు విషయాలలో ఉన్నది. ఒకటి: బయలుదేరేటప్పటి ఖర్చు ఎవరు భరించారు, దానికి ఏమి తాకట్టు పెట్టారు? రెండు: జీతం, గడువు, హక్కులు తెలిపే కాగితం ఎవరి చేతిలో ఉన్నది? సైనికుని చేతిలో సర్వీసు పుస్తకం ఉన్నది. కూలీ చేతిలో వేలిముద్ర వేసిన మరక మాత్రమే మిగిలింది.

నేటి వలస – దేశానికి, ఇంటికి మేలు

1970వ దశకంలో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలకు వలస ఊపందుకొన్నది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి భవన నిర్మాణపు పనులకు, కడప జిల్లా నుండి డ్రైవర్లుగాను, పనివారుగాను, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనులకు మహిళలు అధికసంఖ్యలో వెళ్లారు. నేడు గల్ఫ్ దేశాలలో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నట్లు అంచనా.

దేశానికి దీనివలన కలిగిన మేలు చిన్నది కాదు. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం 2024లో విదేశాల నుండి భారతదేశానికి ప్రవాసులు పంపిన సొమ్ము సుమారు 12,900 కోట్ల డాలర్లు. ప్రపంచంలో మరే దేశానికీ ఇంత సొమ్ము రాలేదు. రిజర్వు బ్యాంకు జరిపిన సర్వే ప్రకారం 2023–24లో వచ్చిన సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతం, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వాటా 19.2 శాతం. ఈ సొమ్ము చేరిన రాష్ట్రాలలో తమిళనాడు వాటా 10.4 శాతం, తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఒకప్పుడు మొత్తంలో సగానికి దగ్గరగా ఉన్న గల్ఫ్ దేశాల వాటా తగ్గి, చదువు, వృత్తి నైపుణ్యం ఉన్నవారు వెళ్లే దేశాల వాటా పెరుగుతున్నది. చేతిలో పని నేర్చిన సర్టిఫికెట్ ఉన్న వెల్డరుకు, ఎలక్ట్రీషియనుకు వట్టి కూలీ కంటె మంచి బేరం కుదురుతుందని దీని భావం.

ఇంటికి కలిగే మేలు మరింత స్పష్టం. నెలనెలా వచ్చే జీతం వర్షంపై ఆధారపడదు. పంట పోయిన ఏడు కూడా పిల్లల ఫీజు కట్టవచ్చు. పెద్దవారికి వైద్యం చేయించవచ్చు. వడ్డీ వ్యాపారి నుండి విముక్తి పొందవచ్చు. ఒక ఇంటి నుండి ఒకరు వెళ్తే ఊరిలో మిగిలిన కూలీలకు కూడా కూలి రేటు కొంత పెరుగుతుంది. ఇవన్నీ కాదనలేని లాభాలు. అయితే లాభం ఎప్పుడు మొదలవుతుందన్నదే అసలు ప్రశ్న.

లెక్క వేసి చూడండి

ఈ క్రింది లెక్క ఏ ఒక్కరి కథా కాదు; విషయం స్పష్టం కావటానికి వేసికొన్న ఉదాహరణ. ఒక వ్యక్తి రెండేండ్ల కాంట్రాక్టుపై వెళ్లినాడనుకొందాం. అతని జీతం మన రూపాయలలో నెలకు 24,000. తిండికి, ఫోనుకు, చేతి ఖర్చుకు 7,000 పోతుంది. ఇంటి ఖర్చుకు 8,000 పంపుతాడు. అప్పు తీర్చటానికి నెలకు 9,000 మిగులుతుంది. రెండేండ్లకు అది 2,16,000 రూపాయలు.

మొదటి సందర్భం: వీసాకు, ఏజెంటుకు కలిపి 1,50,000 రూపాయలు ఊరిలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. మొదటి నెల వడ్డీయే 4,500 రూపాయలు. నెలకు 9,000 చొప్పున కట్టుకొంటూ పోతే ఈ అప్పు 24వ నెలలో గాని తీరదు. వడ్డీ క్రింద పోయినది సుమారు 61,000 రూపాయలు. రెండేండ్ల కష్టం తరువాత చేతిలో 5,000 రూపాయలు కూడా మిగలవు.

రెండవ సందర్భం: అదే 1,50,000 రూపాయలను నూటికి నెలకు ఒక రూపాయి, అనగా ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చాడు. అప్పు 19వ నెలలో తీరుతుంది. వడ్డీ సుమారు 15,000. చేతిలో సుమారు 51,000 మిగులుతుంది.

మూడవ సందర్భం: రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారా, నిబంధనల ప్రకారం ఫీజు చెల్లించి, విమానపు టికెట్టు యజమాని భరించే ఉద్యోగం సంపాదించాడు. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, రాకపోకలు అన్నీ కలిపి 50,000 రూపాయలతో పని ముగిసింది. ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చిన ఈ అప్పు ఆరవ నెలలో తీరిపోతుంది. రెండేండ్ల చివర చేతిలో 1,64,000 రూపాయలకు పైగా ఉంటుంది.

మూడు సందర్భాలలోను జీతం ఒకటే, పని ఒకటే, ఎండ ఒకటే. మిగులు మాత్రం 5,000 నుండి 1,64,000 వరకు మారింది. ఇక మొదటి సందర్భంలో ఉన్న వ్యక్తికి తొలి మూడు నెలలు జీతం ముట్టలేదనుకొందాం. ఆ మూడు నెలల వడ్డీ అసలులో కలిసి, అప్పు తీరేసరికి 30వ నెల వస్తుంది. కాంట్రాక్టు మాత్రం 24 నెలలకే ముగుస్తుంది. పొలం అమ్మకానికి వచ్చేది ఇక్కడే.

నాటి తోట యజమాని ప్రయాణపు ఖర్చు తాను పెట్టి కూలీని ఐదేండ్లు కట్టివేశాడు. నేడు కార్మికుడే ఆ ఖర్చు పెట్టుకొని, సొంతవూరిలోనే తనను తాను కట్టివేసికొంటున్నాడు. కట్టిన త్రాడు మారింది గాని ముడి మారలేదు.

ఫీజు ఎంత? కాగితాలు ఏవి?

1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద రిజిస్టరు చేసికొని ఉండాలి. అట్టి ఏజెంటు వసూలు చేయదగిన సర్వీసు ఛార్జీకి నిబంధనలు విధించిన పరిమితి 30,000 రూపాయలు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400 రూపాయలు. దీనికి రసీదు ఇవ్వటం తప్పనిసరి. ఊరూరా తిరిగే ‘సబ్ ఏజెంటు’కు ఈ చట్టంలో గుర్తింపు లేదు. అతనికి ఇచ్చిన సొమ్ముకు రసీదు ఉండదు. రసీదు లేని సొమ్ముకు ఫిర్యాదు నిలువదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టుపై సాధారణంగా ‘ఇ.సి.ఆర్.’ ముద్ర పడుతుంది. వీరు గల్ఫ్ దేశాలు, మలేషియా మొదలైన నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు వలస అనుమతి పొందాలి. ఈ అనుమతి ఆటంకంగా కొందరు భావిస్తారు. నిజానికి యజమాని పేరు, పని, జీతం, గడువు ప్రభుత్వపు ‘ఇ-మైగ్రేట్’ విధానంలో నమోదు అయ్యేది ఈ దశలోనే. ఈ అనుమతితోపాటు ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ క్రింద ప్రమాద మరణానికి లేదా శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా లభిస్తుంది. ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. విజిట్ వీసాపై వెళ్లి అక్కడ పని వెతుకుకొనేవారు ఈ నమోదును, ఈ బీమాను వదలుకొంటున్నారు.

‘ఆజాద్ వీసా’ పేరున అమ్మే వీసా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వీసాపై ఒక యజమాని పేరుండి, పని మరొకరి వద్ద చేస్తే అది ఆ దేశపు చట్టానికి విరుద్ధం. అట్టివాడు పట్టుబడినా, జీతం ఎగవేయబడినా ఫిర్యాదు చేసే స్థితిలో ఉండడు. తెలంగాణ పల్లెలలో ‘ఖల్లివల్లి’ అని చెప్పుకొనే దుస్థితి తరచు ఈ విధంగానే మొదలవుతుంది.

ఇంటిపనికి వెళ్లే మహిళల విషయంలో నిబంధనలు మరింత కఠినం. ఇ.సి.ఆర్. దేశాలకు 30 ఏండ్లు నిండని మహిళలకు వలస అనుమతి లభించదు. 2016 నుండి వీరి నియామకం నిర్ణీత ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఓంక్యాప్’, తెలంగాణలో ‘టామ్‌కామ్’, తమిళనాడులో ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఇట్టి ప్రభుత్వ సంస్థలు. పురుషులు కూడా తమ వృత్తికి తగిన ఉద్యోగం కొరకు వీటిని సంప్రదించవచ్చు.

ఎదురయ్యే ఇబ్బందులు

ఇక్కడ చూపిన కాంట్రాక్టు ఒకటి, అక్కడ సంతకం చేయించినది మరొకటి కావటం, పాస్‌పోర్టును యజమాని తన వద్ద పెట్టుకోవటం, ఓవర్‌టైము లెక్క ఎగవేయటం తరచు వినవచ్చే ఫిర్యాదులు. పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకోవటం పలు గల్ఫ్ దేశాల చట్టాలే నిషేధించాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2009లో జీతాలను బ్యాంకుల ద్వారా చెల్లించే విధానం ప్రవేశపెట్టింది. జీతం ఖాతాలో జమ అయితే, అందనప్పుడు ఆ ఖాతా పుస్తకమే సాక్ష్యం. ఫిర్యాదుల కొరకు 2015లో మన విదేశాంగ శాఖ ‘మదద్’ విధానం ప్రారంభించింది. కష్టాలలో ఉన్నవారికి భోజన వసతులకు, తిరుగు ప్రయాణానికి రాయబార కార్యాలయాల వద్ద 2009 నుండి సంక్షేమ నిధి ఉన్నది.

వ్యక్తి చేతిలో లేని ఆపదలు కూడా ఉంటాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన నష్టపరిహార కమిషన్ ద్వారా ఆ తరువాతి ఏండ్లలో మన కార్మికులకు కూడా పరిహారం అందింది. అయితే దానికి పాస్‌పోర్టు, ప్రయాణపు ఆధారాలు చూపవలసి వచ్చింది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు, మే 7వ తేదీ నుండి ‘వందే భారత్’ విమానాలలో వచ్చినవారిలో అనేకులు రావలసిన జీతం అక్కడే వదలి వచ్చారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ దేశాలలో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఇట్టి సహాయాలన్నిటికీ కాగితమే ఆధారం. కావున పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పత్రం ప్రతులు ఒక జత ఇంటివద్ద, భార్య లేదా తల్లిదండ్రుల అధీనంలో ఉండాలి.

సొమ్ము ఇంటికి చేరే దారి

ఉద్యోగం కొరకు విదేశానికి వెళ్లిన వ్యక్తి ఫెమా చట్టం ప్రకారం ప్రవాసి అవుతాడు. అతని పాత సేవింగ్స్ ఖాతాను ‘ఎన్.ఆర్.ఓ.’ ఖాతాగా మార్చుకోవాలి. విదేశంలో సంపాదించినది ‘ఎన్.ఆర్.ఇ.’ ఖాతాలో జమ చేసికొనవచ్చు. ప్రవాసిగా ఉన్నంత కాలం ఈ ఖాతాపై వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను ఉండదు. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువును, నిబంధనలకు లోబడి, జాయింటు ఖాతాదారుగా చేర్చుకొనవచ్చు.

బ్యాంకు ఖాతా లేనివారికి నగదు బదిలీ సంస్థల ద్వారా పంపే వీలున్నది. ఒక పర్యాయం 2,500 డాలర్లకు, ఒక వ్యక్తికి ఏడాదికి 30 పర్యాయాలకు ఇది పరిమితం; నగదుగా 50,000 రూపాయల వరకే చెల్లిస్తారు. హవాలా, హుండీ మార్గాలలో రూపాయి రేటు కొంత ఎక్కువ కనబడవచ్చు. అది నేరమన్నది ఒక ఎత్తు. సొమ్ము చేరకపోతే అడిగే చోటు లేదన్నది మరొక ఎత్తు. పైగా హవాలాలో వచ్చిన సొమ్ము బ్యాంకు లెక్కలలో కనబడదు. రేపు గృహఋణానికో, డెయిరీ ఋణానికో వచ్చినప్పుడు మూడేండ్ల ఆదాయాన్ని చూపలేని స్థితి ఏర్పడుతుంది.

మరొక ముఖ్య విషయం చాలామందికి తెలియదు. ప్రవాసిగా ఉన్న కాలంలో తన పేరున వ్యవసాయ భూమిని, తోటను కొనటానికి ఫెమా నిబంధనలు అనుమతించవు. వారసత్వంగా సంక్రమించిన భూమిని ఉంచుకొనవచ్చు. ఇల్లు, ఇంటిస్థలం కొనవచ్చు. పొలం కొనదలచినవారు రిజిస్ట్రేషనుకు ముందే బ్యాంకును గాని, న్యాయవాదిని గాని సంప్రదించటం మంచిది.

పంటఋణం వీసాకు కాదు

1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు పంట పెట్టుబడికి ఏర్పడినది. గడువులో చెల్లించిన రైతుకు 3 లక్షల రూపాయల వరకు వడ్డీ రాయితీ పోగా నికరంగా 4 శాతం వడ్డీకే ఈ ఋణం లభించింది. ఇంత తక్కువ వడ్డీ చూసి దీనిని ఏజెంటుకు కట్టేవారున్నారు. తొలి జీతం ఆలస్యమైతే పంటఋణపు గడువు దాటుతుంది, రాయితీ పోతుంది, ఖాతా మొండిబాకీలోకి వెళుతుంది. ఆ ఏడు ఎరువులకు సొమ్ము ఉండదు, పొలం పడావు పడుతుంది. విదేశీ జీతం, సొంతవూరి పంట రెండూ ఒకేసారి దెబ్బతినే మార్గమిది. వెళ్లే ఖర్చుకు బంగారంపై ఋణం వంటివి విడిగా, పరిమితంగా తీసికొని, మొదట తీర్చవలసినది అదే అని కుటుంబమంతా ఒక నిర్ణయానికి రావాలి.

డీలర్లకు కూడా ఒక మనవి. ‘కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, ఫరవాలేదు’ అని ఎరువులు, మోటార్లు, ట్రాక్టర్లు అరువు ఇవ్వటం పరిపాటి అయింది. ఆ జీతంపై ఇప్పటికే ఎంత అప్పు ఉన్నదో విచారించనిదే ఇచ్చిన అరువు, రంగూన్ మేస్త్రీ అడ్వాన్సు వంటిదే. ఇచ్చినవానికీ పుచ్చుకొన్నవానికీ సుఖం ఉండదు. ట్రాక్టరు వాయిదాలను పొలం ఆదాయానికి తగినట్లు పెట్టుకొని, విదేశీ జీతాన్ని ముందస్తు చెల్లింపుకు వాడుకొనటం ఇరువురికీ క్షేమం. పరిచయం కొద్దీ ఏజెంటుకు మనిషిని చూపటం, మధ్యలో సొమ్ము చేతులు మార్చటం ఏ డీలరుకూ తగిన పని కాదు. చట్టం దృష్టిలో అది అనుమతి లేని నియామకమే అవుతుంది.

తిరిగివచ్చే రోజును మొదటి రోజే తలచుకోవాలి

గల్ఫ్ ఉద్యోగం కాలపరిమితి గలది. అక్కడ స్థిరపడే హక్కు సాధారణ కార్మికునికి లేదు. కావున మొదటి నెల నుండే మూడు భాగాలు చేసికొనటం వివేకం: అప్పుకు ఒక భాగం, ఇంటికి ఒక భాగం, తిరిగివచ్చిన తరువాత చేయబోయే పనికి ఒక భాగం. అప్పు తీరిన తరువాత మొదటి భాగం కూడా మూడవదానిలో చేరాలి. రికరింగ్ డిపాజిట్టు చిన్నదే కావచ్చు. రెండేండ్ల తరువాత డ్రిప్పు సేద్యానికో, రెండు పాడి పశువులకో, వెల్డింగు షాపుకో మార్జిన్ సొమ్ము అవుతుంది. మార్జిన్ చేతిలో ఉన్నవానికి బ్యాంకు ఋణం త్వరగా లభిస్తుంది.

వెళ్లకుండా ఉండే మార్గం ఉన్నదా అన్నది కూడా ఒకసారి లెక్క వేయదగినదే. 2018–19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం మత్స్యకారులకు, పశుపోషకులకు కూడా వర్తించింది. సోలై నగర్ వంటి తీరంలో వల, డీజిలు, ఐసు ఖర్చుకు దళారీ వద్ద అడ్వాన్సు పుచ్చుకొని, పట్టిన చేపను అతడు చెప్పిన ధరకే ఇచ్చే కుటుంబానికి ఈ కార్డు వలన కొంత ఊరట లభించవచ్చు. ఆ తరువాత కూడా వెళ్లటమే మేలు అనిపిస్తే నిశ్చింతగా వెళ్లవచ్చు. ఇల్లు గడవక పరుగెత్తటం వేరు, లెక్క చూసికొని బయలుదేరటం వేరు.

విదేశాలకు వెళ్లవద్దని చెప్పటం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. సముద్రం దాటి సంపాదించి, కుటుంబాలను నిలబెట్టినవారు మన ఖాతాదారులలోనే వేలమంది ఉన్నారు. వెళ్లదలచినవారు ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందు ఒక్కసారి తమ బ్యాంకు శాఖకు వచ్చి, ఒక తెల్లకాగితం మీద మూడు అంకెలు వ్రాసికొనవలసినదిగా మనవి: వెళ్లటానికి మొత్తం ఖర్చు ఎంత, దానికి నెలకు వడ్డీ ఎంత, జీతంలో అన్నీ పోను మిగిలేది ఎంత. మూడవ అంకె రెండవదానికి కనీసం నాలుగైదు రెట్లు ఉంటే ప్రయాణం లాభదాయకం. రెండింటికీ దగ్గర దగ్గరగా ఉంటే, ఆ విమానం ఎక్కేది మనిషి ఒక్కడే కాదు, అతని పొలం కూడా.